యాభై ఆరు మిల్లీమీటర్ల గొంతు

పెడల్ మీంచి కాలు తీసిన తరువాత కూడా తొమ్మిది సెకన్ల పాటు ఆ ఇంజను ఎందుకు అరిచింది?

పదకొండు రోజులుగా ఈ ప్రశ్న గోదావరిఖనిలో దిక్కులేకుండా తిరుగుతోంది. పోలీసు కాగితాలు దాన్ని అడగలేదు. హైదరాబాదు నిపుణుడి ఏడు పుటల నివేదిక, చెప్పు తడవకుండా కాలువ దాటినవాడిలా, దాని పక్కనుంచి జాగ్రత్తగా దాటిపోయింది. ఒక పత్రిక "ఆడపిల్ల చేసిన ఇంజను, అబ్బాయి ప్రాణం మీదికి" అని శీర్షిక పెట్టి, అంతటితో తన బాధ్యత తీరిందనుకుంది. ప్రశ్నను ప్రశ్నగా పట్టుకుని కూర్చున్నది ఒక్క బాలాత్రిపురసుందరి.

ఆమెకు అరవై ఒక్కేళ్లు. మోటారు వాహనాల ఇన్‌స్పెక్టరుగా ముప్పై రెండేళ్లు పనిచేసి, పదవీ విరమణ తరువాత సొంతంగా పరిశోధనలు చేపట్టిన మనిషి. గుంటూరు వైపు నుంచి గనుల ఇంజనీరుగా వచ్చిన తండ్రి పెట్టిన ఎనిమిదక్షరాల పేరు ఇక్కడి నోళ్లలో అరిగి త్రిపురమ్మ అయింది. ఆ అరుగుదలను ఆమె క్షమించింది. బద్ధకపు నివేదికలను మాత్రం క్షమించలేదు.

గురువారం. పన్నెండుకు అయిదు నిమిషాలు తక్కువ. మంచు ఇంకా లేవలేదు. ఆ ఇంజను చేసిన దీప షెడ్డు ముందు మనుషులు నడుముల దాకా తెల్లదనంలో మునిగి, నేలతో సంబంధం లేనట్టు కదులుతున్నారు. మాట ఒకచోట పుట్టి మరొకచోట వినిపిస్తోంది. త్రిపురమ్మకు ఇలాంటి పూట ఇష్టం. మంచులో అనవసరమైనవన్నీ కరిగిపోతాయి. మిగిలేవి వస్తువులు, వేళలు.

షెడ్డు తలుపు మీద లక్కముద్ర. దాని పక్కన సర్కిల్ ఇన్‌స్పెక్టరు వేణుమాధవ్, చేతిలో మడతపెట్టిన కాగితంతో నిలబడి ఉన్నాడు.

"మేడం, పన్నెండుకు సీలు తీస్తున్న. మూడింటికి పిల్లను తీస్కపోత. నడుమ మూడు గంటలు మీయి. ఈ సెక్షనుకు స్టేషన్ల బెయిలు దొరకదు, ముందే చెప్తున్న."

"నాకు మూడు గంటలు చాలునండి. మీ నిపుణుడికి ఎన్ని పట్టాయి?"

"ఆయన పెద్ద చదువు చదివినాయన."

"అది కాదు నేనడిగింది."

వేణుమాధవ్ లక్క పగలగొట్టాడు.

లోపల, ముందుభాగం నలిగిన ఎర్రటి కారు కళ్లు మూసుకున్న జంతువులా ఉంది. దాన్ని నడిపిన రుత్విక్ కూడా కళ్లు మూసుకునే ఉన్నాడు, ఆసుపత్రిలో, పదకొండు రోజులుగా. వాడికి ఇరవై నాలుగేళ్లు. కొండదారి పందెం కోసం దీప చేత ఇంజను మార్పించుకుని, పాడుబడిన బొగ్గు లారీల రోడ్డు మీద ఆదివారం పొద్దున పరీక్షకు తీసుకుపోయాడు. ఆ రోడ్డు చివర గని తవ్విన మట్టి దిబ్బ ఉంది. దానికే పోయి గుద్దుకున్నాడు.

దీప వర్క్‌షాపు బల్ల పక్కన నిలబడింది. ఇరవై ఏడేళ్ల పిల్ల. గనికార్మికుడు మొగిలి కూతురు. పదకొండు రోజులుగా నిద్రపోనివాళ్ల కళ్లలో ఉండే వింత స్పష్టత ఆమె కళ్లలో ఉంది.

"కూర్చో అమ్మాయ్. నెమ్మదిగా చెప్పు. పాత గొంతు ఎంత?"

గొంతు అంటే థ్రాటిల్ బాడీ. ఇంజను గాలి పీల్చే లోహపు గొట్టం. దాని నడుమ నాణెంలాంటి రెక్క ఒకటి ఇరుసు మీద తిరుగుతుంది. యాక్సిలరేటరు తొక్కితే తీగ లాగి రెక్క తెరుచుకుంటుంది. కాలు తీస్తే స్ప్రింగు దాన్ని మూస్తుంది. ఈ కేసంతా ఆ రెక్క చుట్టూనే తిరుగుతోంది.

"నలభై ఆరు మిల్లీమీటర్లు మేడం. కంపెనీ ఇచ్చింది."

"మరి నువ్వెందుకు మార్చావు?"

"పదమూడు వందల సీసీ ఇంజను. సిలిండర్లు బోరు చేసి, పెద్దగ చేసి, పదిహేను వందలకు తెచ్చిన. క్యాము మార్చిన. నిమిషానికి ఏడు వేల చుట్ల దాక తిరుగుతది. గప్పుడు నలభై ఆరుల నుంచి గాలి చాలదు. ఉరికెటోని ముక్కు మూసినట్టయితది."

"రుత్విక్ అరవై అయిదు అడిగాడట?"

దీప నవ్వబోయింది. అది నవ్వో ఏడుపో తేలలేదు. "అడుగుడా? కొట్లాడిండు. 'అక్కా, నీకు భయం, అందుకే చిన్నది పెడ్తున్నవ్' అన్నడు. నేనేమన్ననంటే, కుండకు మూతి పెద్దగ చేస్తె నీళ్లు ఎక్కువ పడ్తయారా అన్న. ఇంజను తాగేది తాగుతది, గంతే. పైంగ పెద్ద గొంతు పెడితే వేలంత తొక్కంగనె సగం గాలి లోపలికొస్తది. బండి కుందేలు లెక్క ఎగురుతది. మలుపుల గది మంచిది గాదు."

"యాభై ఆరు అని నీకెవరు చెప్పారు?"

"ఎవ్వలు చెప్పలే. మూడు గొంతులు అడుక్కొచ్చి, దినానికొకటి పెట్టి చూసిన. యాభై రెండు పెడితే పైన ఊపిరాడలే. అరవై పెడితే బలం అంతే, కని కింద పెడలు పట్టు లేదు. యాభై ఆరుకు రెండూ ఒప్పినయి."

బల్ల మీది నోటుపుస్తకాన్ని ఆమె ముందుకు జరిపింది. మూడు పేజీలు. ప్రతి పరుగుకూ వేళ, వేగం, పెడల్ ఎంత తొక్కితే ఎంత స్పందించిందో సన్నని అక్షరాల్లో ఉంది.

త్రిపురమ్మ కళ్లు సగం మూసి వింది. ఆమెకు మూడు గొంతులూ మూడు చంద్రబింబాల్లా కనిపించాయి. ఇంజను నెమ్మదిగా తిరిగేటప్పుడు రెక్క అంచున మిగిలే సందు పాడ్యమి నాటి వెలుగురేఖ అంతే ఉంటుంది. తొక్కిన కొద్దీ తదియ, అష్టమి, నిండు పున్నమి. కాలు తీస్తే ఒక్క క్షణంలో అమావాస్య. అలా ఉండాలి. ఆ ఆదివారం పున్నమి తొమ్మిది సెకన్లు అస్తమించలేదు.

"చూశారా మేడం?" వేణుమాధవ్ నివేదిక విప్పాడు. "'అవసరానికి మించిన వ్యాసం వలన ఇంజను అదుపు తప్పినది.' ఆమే ఒప్పుకుంటున్నది, పెద్దదానితోటి బండి ఎగురుతదని."

"ఎగురుతుందనే అరవై వద్దన్నది. మీరు ఆ భాగం వినలేదు." త్రిపురమ్మ స్వరం పెరగలేదు, ఇంకా చల్లబడింది. "పెద్ద గొంతు తొక్కినప్పుడు తొందరపడుతుంది. ఒప్పుకుంటాను. కాలు తీసినప్పుడు మూసుకోవడానికి మాత్రం దాని వ్యాసం అడ్డు రాదు. మూసేది స్ప్రింగు. ఆ స్ప్రింగు బాగుందని మీ నిపుణుడే నాలుగో పుటలో రాశాడు."

"అంటే పోరడు కాలు తియ్యలేదన్నట్టు."

"దీప ఫోనులో వీడియో ఉంది. ఏడు గంటల నలభై రెండు నిమిషాల పదకొండో సెకనులో బ్రేకు దీపం వెలిగింది. ఇరవయ్యో సెకనులో కారు దిబ్బను గుద్దింది. ఆ నడుమ దీపం ఆరలేదు, ఇంజను అరుపు తగ్గలేదు. రుత్విక్‌కు కుడికాళ్లు ఎన్ని?"

వేణుమాధవ్ నవ్వాడు. "తత్తరపడి రెండు పెడళ్లు ఒక్కసారి తొక్కిండు. రోజూ చూస్తం."

"తొమ్మిది సెకన్లా?"

"మీ కాలంల కార్బురేటర్లు మేడం. ఇప్పటి బండ్లు వేరే."

"నా కాలంలో బానెట్ ఎత్తి చూసేవాళ్లం. అదొక్కటే తేడా. ఈ ఇంజను చేసినవాడు మగవాడై ఉంటే మీ నిపుణుడు ముందు యంత్రాన్ని అనుమానించేవాడు. చేసింది ఆడపిల్ల కాబట్టి ముందు ఆమె తెలివిని అనుమానించాడు. యంత్రం దాకా రావడానికి ఆయనకు తీరిక లేకపోయింది."

షెడ్డు ఎదురుగా చాయ్ బండి పెట్టుకున్న మల్లక్క, గ్లాసులతో గుమ్మం దగ్గర నిలబడి, గట్టిగా అనేసింది: "గట్ల అడుగుండ్రి త్రిపురమ్మా! మా దీప మోటరు ఇప్పితే, మంత్రసాని చెయ్యి లెక్క ఉంటది."

"చాయ్ ఇచ్చి పో," అన్నాడు వేణుమాధవ్.

"ఇయ్యటానికే అచ్చిన సారూ, తాగెటోళ్లు కొట్లాడుతుంటే ఎవ్వలికియ్యాలె?"

త్రిపురమ్మ చాయ్ తీసుకోలేదు. బానెట్ ఎత్తించింది. వంగి చూసింది. షెడ్డు రేకుల మీద మంచు కరిగి చినుకుల్లా రాలడం వినిపించింది.

"అమ్మాయ్, గొంతును పట్టి ఉంచిన ఈ నాలుగు బోల్టులూ నీవేనా?"

దీప తొంగి చూసింది. ఆమె మొహం మారింది. "నాయి గావు మేడం. నాయి పొట్టివి. ఇవి పొడుగున్నయి."

"వాటి తలల కింద ఎన్ని వాషర్లున్నాయి?"

"నేను ఒక్కటే ఏస్త." ఆమె వేలితో తడిమింది. "నాలుగున్నయి. ఒక్కొక్కదానికి నాలుగు."

"ఇన్‌స్పెక్టరు గారూ, లెక్క మీరే చూడండి. పొడుగు బోల్టు, దాని కింద నాలుగు వాషర్ల దొంతర. ఎందుకలా పెడతారు?"

వేణుమాధవ్ వంగక తప్పలేదు. "బోల్టు పొడుగై, మధ్యల సామాను పలుచగయితే."

"అంటే ఈ పొడుగు బోల్టులు వచ్చినప్పుడు మధ్యలో మందమైనదేదో ఉండేది. ఎనిమిది మిల్లీమీటర్ల మందం. తరువాత దాన్ని ఎవరో తీసేశారు. తీసినవాళ్ల దగ్గర పొట్టి బోల్టులు లేవు. దొరికిన వాషర్లతో సరిపెట్టారు. ఫోటోలు తీయించండి. తరువాత విప్పుదాం."

విప్పేసరికి ఒంటిగంటా నలభై. గొంతుకూ, దాని వెనక ఇంజను గాలిగూడుకూ నడుమ ఒక అట్టముక్క ఉంది. గాలి కారకుండా రెండు లోహాల నడుమ పెట్టే ప్యాకింగు అది. దాని మీద ఆయిల్ ఫిల్టరు డబ్బా తాలూకు సగం అక్షరం ఇంకా మెరుస్తోంది.

"నేను పెట్టింది నల్లటి గ్యాస్కెట్ కాయితం," అంది దీప. "ఇది అట్ట. నా షెడ్డుల అట్ట పెట్టినోడు లేడు."

త్రిపురమ్మ దాన్ని వెలుతురుకెత్తి పట్టుకుంది. తెల్లగా, కొత్తగా ఉంది. ఎక్కడా వేడికి మాడలేదు; నూనె మరక లేదు. ఇంజను ఒక్క నిమిషం తిరిగినా అట్ట అంచు గోధుమరంగుకు తిరుగుతుంది. ఈ అట్ట తిరిగే ఇంజనును చూడనే లేదు.

"దిబ్బను గుద్దిన తరువాత పెట్టినది," అంది ఆమె, నిద్రలో మాట్లాడుతున్నంత మెల్లగా.

వేణుమాధవ్ మొదటిసారి నివేదికను మడిచి జేబులో పెట్టుకున్నాడు.

తరువాత ఆమె వేలితో రెక్కను నెట్టి దాని వెనకవైపు చూసింది. అంచు వెంబడి నల్లటి నెలవంక. తుడిస్తే గుడ్డకు అంటింది. వాసన చూస్తే రబ్బరు. ఇరుసు మరకు చిక్కుకుని వెంట్రుకకన్నా కాస్త లావైన తెల్లటి దారం ఒకటి ఊగుతోంది. చిమటాతో తీసి తెల్లకాగితం మీద పెట్టింది. రబ్బరు. ఎనిమిది మిల్లీమీటర్లు. లోపల తెల్ల దారం.

ఏమిటది?

ఆలోచిస్తూ ఆమె గుమ్మం దాకా నడిచింది. అడుగు మెత్తగా పడింది. కిందికి చూసింది. గడప ముందు కాళ్లు తుడుచుకునే నల్లటి పట్టా. అంచు చిరిగినచోట తెల్లటి దారాలు. ఎదురుగా మల్లక్క చాయ్ బండి కింద అదే పట్టా. పక్కింటి గ్రైండరు కింద అదే. సైకిలు క్యారియరు మీద అదే, బోరుమోటరు కింద అదే, కోళ్ల గూటి కప్పు మీద అదే. బొగ్గు మోసి మోసి అరిగిపోయిన కన్వేయరు బెల్టు. ఈ బొగ్గుపట్టె మొత్తం ఆ నల్లటి బెల్టు మీద నిలబడి ఉంది. అందరి కాళ్ల కింద ఉన్నది గనుక ఎవరి కంటికీ కనిపించలేదు. ఆ క్షణంలో అది కదులుతున్నట్టూ, ఊరంతా దాని మీద కూర్చుని మంచులో నెమ్మదిగా ఎటో సాగిపోతున్నట్టూ ఆమెకు తోచింది.

షెడ్డు గోడవారన ఒక మనిషి గొంతుక్కూర్చుని ఉన్నాడు. పొద్దుటినుంచీ అక్కడే ఉన్నాడు. రుత్విక్ మేనమామ సదానందం. యాభై నాలుగేళ్లు, గనిలో బెల్టులు తెగితే అతికే పనిలో ముప్పై ఏళ్లు గడిచాయి. ఒళ్లో స్టీలు టిఫిను డబ్బా.

త్రిపురమ్మ ముక్కాలిపీట తెప్పించుకుని అతనికి ఎదురుగా కూర్చుంది.

"సదానందంగారూ, ఆ ఆదివారం దీప రుత్విక్‌ను తీసుకుని ఆసుపత్రికి పోయింది. కారు దగ్గర ఎవరున్నారు?"

"నేనే ఉన్న."

"ఎంతసేపు?"

"పోలీసోళ్లు తొమ్మిదీ పదికచ్చిండ్రు. గంటన్నర అయితదేమో."

"ఒక్కరేనా?"

"ఒక్కన్నే."

"మీ దగ్గర పన్నెండు నంబరు పానా ఉందా?"

అతను టిఫిను డబ్బా వైపు చూశాడు. మంచులో ఎక్కడో సైకిలు బెల్లు మోగింది.

"మీరు నాకు జవాబు చెప్పకపోయినా నేను కోప్పడను," అంది త్రిపురమ్మ. "మూడు గంటలకు ఆ అమ్మాయిని తీసుకుపోతారు. ఆమె చేసిన తప్పేమిటో మీకూ నాకూ తప్ప ఎవరికీ తెలియదు. ఆమె ఏ తప్పూ చేయలేదు."

సదానందం డబ్బా మూత తీశాడు. పై గిన్నె తీశాడు. అడుగు గిన్నెలో, గుడ్డలో చుట్టి, నల్లటి రబ్బరు చక్రం ఒకటి ఉంది. చుట్టూ నాలుగు బోల్టు రంధ్రాలు, నడుమ గుండ్రటి బొక్క.

"పారెయ్యబుద్ధి గాలే మేడం. దాన్ని చూస్తె పోరని గొంతు మీద నా చెయ్యే కనవడ్తున్నది."

"కాకా!" దీప అరుపు షెడ్డు లోపలినుంచి వచ్చింది. గుమ్మంలో ఆగిపోయింది. "నువ్వా?"

"బిడ్డా, నేనేరా." అతను ఆమె వైపు చూడలేకపోయాడు. "ఆ ముందటి గురువారం అచ్చిండు వాడు. 'మామా, అక్క పెట్టిన కాయితం కాడ సన్నగ విజిలేస్తున్నది. అక్కకు చెప్తే బండి రెండు దినాలు ఇప్పుకుంట కూసుంటది, ఆదివారం ట్రయలు పోతది' అన్నడు. మన బెల్టు ఉండంగ కాయితమెందుకురా అన్న. బొక్క సక్కగ కోసిన మేడం, ఆ ఇనుము చుట్టు పట్టి, నూలు పోగంత తేడా లేకుంట కోసిన. ముప్పై ఏండ్లసంది టన్నులకు టన్నులు బొగ్గు మోసిన బెల్టు. గింత గాలి మొయ్యదా అనుకున్న."

త్రిపురమ్మ వెర్నియర్ కొలబద్ద తీసి బొక్కను కొలిచింది. ఒకసారి, అడ్డంగా మరొకసారి.

"యాభై ఒకటి. మీరు కోసింది యాభై ఆరు. మిగిలిన అయిదు మిల్లీమీటర్లూ రబ్బరు లోపలికి ఉబ్బింది. ఇంజను ఊపిరిలో పెట్రోలు ఆవిరి, నూనె పొగ కలిసి ఉంటాయండి. ఈ బెల్టు బొగ్గును మోస్తుంది. పెట్రోలును మోయదు, తాగుతుంది. తాగి ఉబ్బుతుంది. గురువారం నుంచి ఆదివారం దాకా తాగుతూనే ఉంది."

"బండి గుద్దినంక ఇప్పి చూస్తె తెలిసింది. రబ్బరు పెదవి లెక్క లోపలికచ్చింది. భయమయింది. డిక్కిల ఉన్న ఫిల్టరు డబ్బా చింపి అట్ట కోసి పెట్టిన. ఎవ్వల మీదికో పోతదనుకోలె. దీప మీదికి పోతదని అసలే అనుకోలె."

"పదకొండు రోజులు ఊరుకున్నారు," అంది త్రిపురమ్మ. ఆ ఒక్క వాక్యంలో కరుణ లేదు. ఉండవలసిన అవసరమూ ఆమెకు కనబడలేదు.

"దవాఖానల వాడు కండ్లు తెరిస్తే వానికే మొదలు చెప్దామనుకున్న."

వేణుమాధవ్ గొంతు సవరించుకున్నాడు. "కథ మంచిగున్నది. బెల్టు ఉబ్బింది సరే, దానికీ రెక్కకూ ఏం సంబంధం?"

"చూపిస్తాను."

రబ్బరు చక్రాన్ని నడుమ పెట్టి, అవే పొడుగు బోల్టులతో, ఒక్కొక్క వాషరుతో, దీప గొంతును మళ్లీ బిగించింది. ఈ గొంతులో రెక్క ఇరుసు వెనక అంచుకు బొటనవేలంత దగ్గరగా ఉంది. తెరుచుకునేటప్పుడు రెక్క అంచు ప్యాకింగును దాటి గాలిగూటిలోకి దిగుతుంది. త్రిపురమ్మ యాక్సిలరేటరు తీగను నెమ్మదిగా లాగింది. రెక్క కొంచెం తెరుచుకుని రబ్బరు పెదవికి తగిలి ఆగింది. వదిలింది. మూసుకుంది.

"ఇలా మెల్లగా తొక్కినంతసేపూ ఏమీ కాదు. అందుకే ఆ మూడు రోజులూ అనుమానం రాలేదు. ఇప్పుడు నేలకు ఆనేదాకా తొక్కుతున్నాను."

గట్టిగా లాగింది. మెత్తటి పెదవిని తోసుకుని రెక్క అవతలికి పోయింది. ఆమె తీగను పూర్తిగా వదిలేసింది.

రెక్క తిరిగి రాలేదు. స్ప్రింగు లాగుతూనే ఉంది. రబ్బరు పెదవి దాన్ని లోపలినుంచి పట్టుకుంది.

"ఒకటి," అంది ఆమె. "రెండు."

మంచు గుమ్మంలోంచి లోపలికి వచ్చి అందరి మధ్యా నిలబడింది. ఆమె తొమ్మిది దాకా లెక్కపెట్టింది. నిండు చంద్రుడిలా గొంతు తెరిచే ఉంది. తొమ్మిది సెకన్లు ఎంత పొడుగో అక్కడున్నవాళ్లకు అప్పుడు తెలిసింది. అంత పొడుగు దారిలో రుత్విక్ ఒక్కడే, బ్రేకు మీద బలమంతా పెట్టి, మట్టి దిబ్బ కలలోలా దగ్గరవుతుంటే చూస్తూ పోయాడు.

అప్పుడే, రెండూ పదిహేనుకు, ఓపెన్‌కాస్టు గనిలో బ్లాస్టింగు జరిగింది. కాళ్లకింద నేల ఒక్కసారి ఊగింది. రేకులు గలగలలాడాయి. చాయ్ గ్లాసులు గజ్జెల్లా మోగాయి. ఆ కుదుపుకు పెదవి పట్టు వదిలింది. టక్కున రెక్క మూసుకుంది.

"దిబ్బను గుద్దినప్పుడు కూడా ఇదే జరిగింది," అంది త్రిపురమ్మ. "గుద్దిన కుదుపుకు రెక్క మూసుకుంది. మీ నిపుణుడు వచ్చేసరికి రెక్క బుద్ధిగా మూసి ఉంది, స్ప్రింగు బాగుంది. ఇక మిగిలింది వ్యాసం ఒక్కటే. దాన్ని నేరస్తుణ్ని చేశాడు. ఈ పిల్ల మూడు రోజులు శ్రమించి సరిగ్గా ఎంచుకున్న ఒకే ఒక్క కొలతను."

దీప కారు తలుపుకు ఆనుకుని నేల మీద కూర్చుంది. మల్లక్క పోయి ఆమె తల తన పొట్టకు ఆనించుకుంది.

వేణుమాధవ్ టోపీ తీసి మళ్లీ పెట్టుకున్నాడు. "మేడం, నా కండ్లతోటి చూసిన. కాదనను. కని నా కండ్లు కోర్టుకు చాలవు. సదానందం నా ముందర ఒప్పుకున్నది సాక్ష్యం కిందికి రాదు, మీకు నాకంటే బాగ తెలుసు. రేపు వకీలు ఏమంటడు? మేనమామ, బిడ్డ లెక్క చూసుకునే పిల్లను కాపాడటానికి రబ్బరు ముక్క కోసుకొచ్చిండంటడు."

ఆ మాట నిజం. ప్రత్యర్థి నోట వచ్చినంత మాత్రాన నిజం అబద్ధం కాదు. త్రిపురమ్మ తల ఊపింది.

"పంచనామా రాయండి. వాషర్లు, అట్ట, దారం, నెలవంక మరక, రబ్బరు, దాని కొలత. అన్నీ ఇక్కడ, అందరి ముందు దొరికాయని."

"రాస్త. ఇద్దరు పంచులు సంతకాలు పెట్టాలె. ఇక్కడోళ్లే, ఈ మూడు గంటలు ఇక్కడ ఉండి చూసినోళ్లు. రెండు సంతకాలుంటే ఈ పిల్ల ఇంటికి పోతది. ఒక్కటే ఉంటే నా పాత కాయితమే నడుస్తది."

ఇన్‌స్పెక్టరు రాశాడు. నిజాయితీగానే రాశాడు, ఆ మేరకు అతనికి గౌరవం దక్కాలి. కాగితం అడుగున రెండు గీతలు గీసి, తల ఎత్తి, గుమ్మం ముందు మూగిన పాతికమందిని చూశాడు.

వాళ్లందరూ చూశారు. వాళ్లందరికీ తెలుసు. ఆ సంతకం దీపను విడిపిస్తుందనీ తెలుసు, సదానందాన్ని పట్టిస్తుందనీ తెలుసు. వాళ్లలో ఎల్లేశం చెప్పుల్లో రాయి వెతుక్కున్నాడు. బిక్షానికి షిఫ్టు గుర్తొచ్చింది. "మూడింటికి డ్యూటీ సారూ, బస్సు పోతది," అని, ఎవరూ అడగకముందే సంజాయిషీ చెప్పి మంచులోకి నడిచాడు. అతని వెనక ఒకరు, వాళ్ల వెనక ముగ్గురు. అన్యాయం చేసేవాళ్లు లోకంలో ఎప్పుడూ తక్కువే. ఆ సమయానికి డ్యూటీ గుర్తొచ్చేవాళ్లు లెక్కలేనంతమంది.

"పెట్టుండ్రి!" సదానందం లేచి నిలబడ్డాడు. చేతులు జోడించాడు. "మీ కాల్మొక్త, పెట్టుండ్రి! నా ఫికర్ చెయ్యకుండ్రి. పోరడు నా చేతుల పడ్డడు, సాలదా? ఈ బిడ్డ గూడ పడాల్నా?"

ఎవరూ కదల్లేదు. రెండూ నలభై.

మల్లక్క దీప తలను మెల్లగా దించి, చీర కొంగుకు చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "సిరా డబ్బా తియ్యకు సారూ. వేలిముద్ర గాదు, సంతకమే పెడ్త. నలభై ఏండ్లకు నేర్చుకున్న, ఎప్పుడు పనికొస్తదో అనుకున్న."

"సదానందం నీకేమైతడు?" అడిగాడు వేణుమాధవ్.

"అన్న వరస."

"తెలిసే పెడ్తున్నవా?"

"తెల్వకపోతే ఎందుకు పెడ్త? అన్న తప్పు చేసిండు, అన్న మొయ్యాలె. బిడ్డ చెయ్యలే, బిడ్డ ఎందుకు మొయ్యాలె? గిదేమన్న పెద్ద చదువా?"

ఆమె వంగి, నాలుక పంటితో నొక్కిపట్టి, ఒక్కొక్క అక్షరాన్నీ కుండను దించినంత జాగ్రత్తగా కాగితం మీద దించింది. మ. ల్ల. క్క. పూర్తయ్యేసరికి రెండూ నలభై తొమ్మిది.

రెండో గీత ఖాళీగా ఉంది.

గుమ్మం ముందు ఇప్పుడెవరూ లేరు. మంచు మాత్రం ఉంది. వేణుమాధవ్ గడియారం చూసుకున్నాడు. వెలుపల జీపు డ్రైవరు ఇంజను స్టార్టు చేశాడు. దీప లేచి, పుస్తకాన్ని మూసి, షెడ్డు తాళంచెవి మల్లక్క చేతికిచ్చింది; ఎక్కడికో చిన్న ప్రయాణం పోతున్న మనిషిలా, ముసలి నాయిన మొగిలికి మందులు ఏ వేళకు ఇవ్వాలో చెప్పసాగింది.

త్రిపురమ్మ సంతకం చెల్లదు. ఆమె పరిశోధకురాలు; ఆ సంగతి ఆమెకు తెలుసు. ముప్పై రెండేళ్ల సర్వీసు తరువాత మొదటిసారి ఆమె చేతిలోని కలం పనికిరాకుండా నిలిచింది. ఆమె కలం మూత తీసి, కాగితం పక్కన పెట్టి, తలెత్తింది. మంచు వైపు కాదు, బిక్షం పోయిన దారివైపు కాదు. ఈ పుట ఇవతలి వైపు, సూటిగా.

మీరు పన్నెండుకు అయిదు నిమిషాల ముందునుంచీ ఇక్కడే ఉన్నారు. ప్రతి బోల్టు తల కిందా నాలుగు వాషర్లు మీ కళ్లముందే లెక్కకు వచ్చాయి. మాడని అట్టను చూశారు. తొమ్మిది దాకా లెక్కపెడుతుంటే విన్నారు. మీకు సదానందం బంధువు కాడు, మూడింటికి బస్సు లేదు. ఇప్పుడు సమయం రెండూ యాభై ఎనిమిది.

ముందుకు రండి. కలం తీసుకోండి. రెండో గీత మీద మీ పేరు రాయండి.